మాట బందు

మా ఊరు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య రోడ్డు మీద ఉంటుంది. పెద్ద జ్వరానికీ పెళ్లి బట్టలకీ కామారెడ్డి పోతాం, చిన్న జ్వరానికీ ఎరువు బస్తాలకీ ఎల్లారెడ్డి పోతాం. నేను ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. పొద్దున బస్సులో నిలబడి పోతాను, సాయంత్రం బస్సులో నిలబడి వస్తాను. నిలబడీ నిలబడీ నాకు కోపం ఎక్కువైందని మా ఆయన అంటాడు. అందులో అబద్ధం లేదు. ఇది కూడా కోపంతోనే రాయడం మొదలుపెట్టాను. రాస్తుండగానే కోపం చల్లారిపోయింది. ఆశ అంతకుముందే పోయింది.

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉంది. గోడకు అవతల అక్క ఉండేది. అక్క అంటే నా తోబుట్టువు కాదు, చుట్టమూ కాదు. నేను కోడలిగా వచ్చేనాటికే ఆమె పక్కింట్లో పాత కోడలు. పొద్దంతా గోడ నీడలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, బీడీ చుట్టి దారం కట్టేది. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, నోరు నాతో మాట్లాడేది. ఊళ్లో ఎవరు ఎవరికి ఏమవుతారో, అత్తకు ఎదురు చెప్పకుండానే అత్త మాట ఎలా దాటేయాలో, అన్నీ ఆ గోడ దగ్గరే నేర్చుకున్నాను. మా వాడు పుట్టాక వాణ్ని గోడ మీంచి ఆమెకు అందించి బడికి పోయేదాన్ని, సాయంత్రం గోడ మీంచే తీసుకునేదాన్ని. వాడి చొక్కాలన్నీ తంబాకు వాసన వచ్చేవి. వాడు ఆమెను పెద్దమ్మా అనేవాడు. నన్ను అమ్మా అనడానికి ముందే ఆ పిలుపు వచ్చిందని ఆమె ఊరంతా చెప్పుకుని మురిసిపోయేది. నాకు లోపల కొంచెం మండేది, పైకి నవ్వేదాన్ని.

అక్క భర్త మంచివాడే, తాగనప్పుడు. తాగనప్పుడంటే పొద్దున పళ్లు తోముకునే దాకా. తర్వాత బెల్టు షాపు దగ్గర కూర్చునేవాడు. కడుపు ఉబ్బి, కళ్లు పచ్చబడి, చివరికి కామారెడ్డి దవాఖానాలో పోయాడు.

ఇక్కడ మా ఊరి కమిటీ సంగతి చెప్పాలి. మా వైపు చాలా ఊళ్లలో సర్పంచి వేరు, కమిటీ వేరు. సర్పంచిని ఓట్లేసి గెలిపిస్తాం. కమిటీని ఎవరూ గెలిపించరు, అది ఉంటుందంతే. కులానికొక పెద్దమనిషి వచ్చి కూర్చుంటాడు. ఏటా ఒకసారి కమిటీ బిల్డింగు ముందు కుర్చీలు వేసి, ఊళ్లో మందు అమ్ముకునే హక్కుకు వేలం పాట పెడతారు. ఎవరు ఎక్కువ పాడితే ఆ ఏడాది బెల్టు షాపు వాళ్లది. ఆ పైసలతోనే పోచమ్మ పండుగ, బోరు మోటరు, గుడికి రంగులు. అంటే తాగి చచ్చేవాడు చస్తూ చస్తూ ఊరికి సున్నం వేసి పోతాడన్నమాట.

కమిటీ చేతిలో ఇంకొకటి ఉంది. దాన్ని కట్టుబాటు అంటారు, మేము ఆడవాళ్లం మాట బందు అంటాం. కమిటీకి ఎదురు తిరిగిన ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు. దుకాణంలో ఉప్పు ఇవ్వకూడదు, వాళ్ల పొలానికి కూలికి పోకూడదు, వాళ్లింట్లో పెళ్లయినా చావైనా గడప తొక్కకూడదు. తొక్కితే జరిమానా. డప్పు కొట్టి చాటింపు వేస్తారు. ఆ ఇంటివాళ్లు కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడి తప్పయిందని అంటే మళ్లీ డప్పు కొట్టి ఎత్తేస్తారు. చాటింపు లేకుండా పెట్టిన కట్టుబాటు చెల్లదు, చాటింపు లేకుండా ఎత్తేసినా చెల్లదు. మా అత్తగారి కాలంలో ఒకరింటికి పెట్టి మూడు పంటల దాకా ఎత్తలేదట. ఆ ఇంటి ముసలాయన ఎవరూ మాట్లాడక ఎడ్లతో మాట్లాడుకునేవాడని చెప్పేది.

అక్క భర్త దినాల నాడు కర్మ చేసి వచ్చిన మగవాళ్లు అటునుంచి అటే బెల్టు షాపుకు పోయి కూర్చున్నారు. చచ్చినవాడి పేరు చెప్పి తాగారు. మా వాడు అది చూసి ఇంటికి వచ్చాడు. అప్పుడు వాడు కామారెడ్డిలో డిగ్రీ అయిపోయి, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటూ, పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తుతూ ఉండేవాడు. చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో నిలబడి, "అమ్మా, పెద్దనాయినను సంపిన దుకాణంలనే పెద్దనాయిన దినాలు జేస్తున్నరే" అన్నాడు. నేను వాణ్ని లోపలికి రమ్మన్నాను గానీ వాడు రాలేదు. అటే పోయి తన ఈడు సోపతిగాళ్లను కలిశాడు.

వాళ్లు చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. బడి వరండాలో కూర్చుని మాట్లాడుకున్నారు, మగపిల్లలూ, చదువుకున్న ఆడపిల్లలు కొందరూ. వాట్సాప్‌లో గ్రూపు పెట్టి ఊళ్లో స్మార్ట్ ఫోను ఉన్న అందరినీ అందులో చేర్చారు, నన్ను కూడా. పోలీసులకు చెప్పినా షాపు నాలుగు రోజులు మూసి మళ్లీ తెరుస్తారని వాళ్లకు తెలుసు. అందుకని పాట దగ్గరే కొట్టాలనుకున్నారు. పాట పాడేది ఎవరు? మన నాయినలే కదా. నాయిన పాట పాడనని మాట ఇచ్చేదాకా ఇంట్లో అన్నం ముట్టేది లేదని ఒట్టు పెట్టుకున్నారు. కంచం ముందు కూర్చుని తినకుండా ఉండే పిల్లల్ని చూసి ఏ తల్లి ఊరుకుంటుంది? తల్లులందరం తండ్రుల మీద పడ్డాం. మా ఆయన పండుగకు తప్ప తాగడు. మా ఊళ్లో పండుగలు ఎక్కువ. ఆయన కూడా కొడుకు ఎండిన మొహం చూసి పోచమ్మ మీద ఒట్టేశాడు.

పాట రోజు ఊరంతా కమిటీ బిల్డింగు ముందుకు వచ్చింది. మా పిల్లలు ముందుగా మాట్లాడారు. కాగితం మీద రాసుకొచ్చిన మాటలు, పాపం, సగం పరీక్ష పుస్తకాల్లోవి. పెద్దమనుషులు ఆవలిస్తూ విన్నారు. అప్పుడు ఆడవాళ్ల వైపునుంచి అక్క లేచింది. ఊరి సభలో ఆడది లేచి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. చీర కొంగులో ఇంకా ఆకు ముక్కలున్నాయి.

"నా మొగడు ఈ ఊరికి శానా ఇచ్చిండు బాపు" అంది పాట పిలిచే పెద్దమనిషితో. "గుడికి రంగులేసిండు, బోరుకు మోటరు తెచ్చిండు. ఒక్క నాకే ఏమియ్యలే. ఇగ మీకిచ్చెతందుకు మా ఇంట్ల మొగోడు లేడు. వేరే ఇల్లు సూసుకోండ్రి."

ఎవరూ నవ్వలేదు. పెద్దమనిషి గొంతు సవరించుకుని పాట మొదలుపెట్టాడు. ఒకసారి పిలిచాడు, రెండోసారి పిలిచాడు. ఎవరో దగ్గితే అందరం అటు తిరిగి చూశాం, అతను భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మూడోసారి పిలిచినా ఒక్క గొంతు లేవలేదు. మా వాడు నా వైపు కాదు, అక్క వైపు చూసి నవ్వాడు. నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చాను. ఊళ్లో పిల్లలు తలుచుకుంటే ఏదైనా అవుతుందని ఆ రోజు నిజంగా నమ్మాను.

ఆ ఏడాది బాగా గడిచింది. సాయంత్రాలు బస్సు దిగి ఇంటికి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఎవరూ పడి ఉండేవాళ్లు కాదు. కమిటీ పెద్దలు మాత్రం అలిగారు. "అయితే మీరే నడుపుండ్రి. పండుగ ఎట్ల జేస్తరో మేం గూడ సూస్తం" అని తాళం చెవులు మా వాడి చేతిలో పెట్టి పోయారు. పిల్లలు వెనక్కి తగ్గలేదు. ఇంటింటికీ తిరిగి చందా వేసుకుని పండుగ చేశారు, కొంచెం సన్నగా చేసినా చేశారు. కమిటీ బిల్డింగులో పెద్దమనుషులు పేకాడే గదిని కడిగి, అలమరాలు పెట్టి, చదువుకునే గది చేశారు. అందరూ మా వాణ్ని అధ్యక్షా అని పిలవడం మొదలుపెట్టారు. వేళాకోళంగా మొదలైన పిలుపు కొన్నాళ్లకు నిజమైంది.

అన్నీ మార్చినవాళ్లు కట్టుబాటును మాత్రం మార్చలేదు. అన్నం వడ్డిస్తూ ఒకరోజు నేనే అడిగాను.

"పేకాట తీసేసిండ్రు, పాట తీసేసిండ్రు. గా మాట బందు గూడ తీసెయ్యరాదురా?"

"అది లేకుంటే మన మాట ఎవలింటరమ్మా?" అన్నాడు. "రేపు ఎవడన్న దొంగసాటుగ మందు అమ్మితే ఏం జెయ్యాలె? మాకేమన్న లాఠీ ఉన్నదా?"

"ఉంటే బాగుండునని ఉన్నదా?"

"నువ్వు ఊకోవే" అని నవ్వాడు. కానీ వాళ్లు ఒక మార్పు చేశారు, దానికి వాళ్లకు వాళ్లే చాలా సంబరపడ్డారు. జరిమానా పైసల్లో కాకుండా పుస్తకాల్లో కట్టాలట. మాట బందు తప్పినవాళ్లు చదువుకునే గదికి ఒక పుస్తకం తెచ్చివ్వాలి. డప్పు పాతకాలం పద్ధతి, ఎవరినో పిలిచి కొట్టించడం అవమానం, కాబట్టి చాటింపు ఇకమీద గ్రూపులోనే వేస్తామన్నారు. కొరడాకు పూలు చుట్టినంత మాత్రాన అది దండ అవుతుందా అని నేను గొణుక్కున్నాను. వాడు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

అక్కకు కష్టం మొదలైంది అప్పుడే. బీడీ కార్ఖానాలో ఆకు ఇచ్చే రోజులు తగ్గిపోయాయి. వేళ్ల కణుపులు వాచి కత్తెర పట్టుకోలేకపోయేది. ఆ వానాకాలం ఇంటి వెనక వైపు కప్పు కూలింది. బెల్టు షాపు మూతపడ్డాక తాగుడు అలవాటైన ముసలివాళ్లు కొందరు నడిచి ఎల్లారెడ్డి పోలేక, జర తెచ్చిపెట్టవా అని ఆమెను బతిమాలారు. ఆకు కోసం ఎల్లారెడ్డి పోయినప్పుడల్లా సంచిలో అడుగున రెండు మూడు సీసాలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ మందు ఆమె మొగుణ్ని తిన్నదో అదే మందు. ఆ సంచి మోస్తూ బస్సులో ఏమనుకునేదో నాకు తెలియదు. గోడకు ఇవతలే ఉండి కూడా నాకు ఆ సంగతే తెలియదు, ఆమె తెలియనివ్వలేదు.

పిల్లలకు తెలిసింది. వెళ్లి వెతికితే తంబాకు డబ్బా వెనక సీసాలు దొరికాయి. చదువుకునే గదికి రమ్మని కబురు చేశారు. ఆమె వచ్చి, తెచ్చిన మాట నిజమేనని ఒప్పుకుంది. ఇకమీద తేనని కూడా అంది. అంతటితో వదిలేస్తే పోయేది. కానీ గ్రూపులో అప్పటికే ఎవరో రాశారు, అధ్యక్షుడి పెద్దమ్మ కాబట్టి వదిలేస్తారని. ఆ ఒక్క మాట మా వాడికి ముల్లులా గుచ్చుకుంది. ఊరి ముందు నిలబడి తప్పయిందని చెప్పాలన్నాడు.

అక్క వాడి మొహం చూసి అందట, "ఆ దినం లేసి మాట్లాడిన జాగల్నే ఇయ్యాల చేతులు కట్టుకొని నిలబడాల్నా కొడుకా? ఇంకేమన్న చెప్పు చేస్త. గది నాతోని కాదు."

ఆ సాయంత్రమే గ్రూపులో చాటింపు వచ్చింది. తప్పు ఒప్పుకునేదాకా ఫలానా ఇంటితో మాట బందు, తప్పినవాళ్లకు ఒక పుస్తకం జరిమానా. కింద బొటనవేళ్లు, ఒకదాని కింద ఒకటి. సొంత మనిషని కూడా చూడలేదు, ఇదీ న్యాయమంటే, అని పొగడ్తలు. ఆ పొగిడిన వాళ్లలో అక్క తెచ్చిన సీసా తాగిన ముసలాయన కొడుకు కూడా ఉన్నాడు. నేను ఫోను బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి వంటింట్లో కూర్చున్నాను. వాడు వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"నాకేం సంబురమా అమ్మా? పెద్దమ్మకు ఒక రూలు, ఊరికి ఒక రూలు ఉంటే ముసలోండ్లు మళ్ల వస్తరు. మొత్తం పోతది."

వాడు చెప్పింది తప్పని నేను అప్పుడు గట్టిగా చెప్పలేకపోయాను, ఎందుకంటే వినడానికి అది సబబుగానే ఉంది. వాడి కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. నన్ను భయపెట్టింది అదే. పెద్దమనుషులు ఈ పని చేసినప్పుడు వాళ్ల కళ్లలో నీళ్లు ఉండేవి కావు, కాబట్టి వాళ్లతో కొట్లాడవచ్చు. ఏడుస్తూ మాట బందు పెట్టేవాడితో ఎలా కొట్లాడాలి?

తెల్లారినుంచి అక్క దుకాణానికి పోతే షాపాయన లోపలికి పోయి కూర్చునేవాడు. కార్ఖానా తరఫున ఆకు పంచే టేకేదారు మా ఊరివాడే, ఆకు అయిపోయిందని చెప్పి పంపేశాడు. కుళాయి దగ్గర ఆడవాళ్లు ఆమె బిందె నిండేదాకా ఎటో చూస్తూ నిలబడేవాళ్లు. ఎవరూ తిట్టలేదు, ఒక్క రాయి వేయలేదు. మా పిల్లలు అహింస గురించి బాగా చదువుకున్నారు.

నేను చింతచిగురు పప్పు గిన్నెలో పోసి గోడ మీంచి ఇచ్చాను, "తిన్నవా అక్కా" అన్నాను. అంతే. మేడ మీద బట్టలు ఆరేసుకునే ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. ఫొటోలో నా చెయ్యి, గిన్నె, అవతల ఆమె చెయ్యి, మధ్యలో గోడ. సాయంత్రం మా వాడు భోజనానికి కూర్చుని, కంచం వైపు చూస్తూ, "అమ్మా, నీకు జరిమానా పడ్డది" అన్నాడు.

మా ఆయనకు నవ్వు ఆగలేదు, పొలమారింది. నాకు నవ్వు రాలేదు. లేచి వెళ్లి పెట్టెలోంచి నా నిఘంటువు తీసుకొచ్చాను. బీఈడీ చదివేటప్పుడు కొన్నది, అట్ట ఊడిపోతే నేనే కుట్టుకున్నాను. కంచం పక్కన పెట్టి, "ఇందులో పెద్దమ్మ అనే మాట ఉన్నది, అర్థం సూసుకో" అన్నాను. వాడు తినకుండా లేచిపోయాడు. పుస్తకం మాత్రం తీసుకుపోయాడు. రసీదు కూడా గ్రూపులో పెట్టారు, ఉపాధ్యాయురాలు సంతోషంగా ఇచ్చారని.

నేను మాట్లాడటం మానలేదు. పెట్టెలో ఉన్న నా పుస్తకాలన్నీ ఒక్కొక్కటే పోయినా సరే అనుకున్నాను. మానేసింది అక్క. మర్నాడు నేను గోడ దగ్గరికి పోయేసరికి చాట తీసుకుని అటు తిరిగి కూర్చుంది. చుట్టడానికి ఆకు లేదు, ఖాళీ చాట. వీపు నా వైపు పెట్టి మెల్లగా అంది, "నువ్వు మాట్లాడకు చెల్లె. పోరగాని ఇజ్జత్ పోతది. తల్లినే ఆపలేకపోయిండని నవ్వుతరు." ఇన్నేళ్లలో ఆమె నాకు వీపు చూపించడం అదే మొదలు. వాడిని పెంచింది ఆ ఒడిలోనే, ఇప్పుడు వాడి మాట నిలబెట్టడానికి ఆమే అందరికంటే గట్టిగా మాట బందు పాటిస్తోంది. నేను గోడ పట్టుకుని అలాగే నిలబడ్డాను. తర్వాత బస్సు టైమైంది, వెళ్లిపోయాను.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి పక్కింటికి తాళం వేసి ఉంది. కామారెడ్డి బస్సెక్కిందని, ఎవరికీ చెప్పలేదని అన్నారు. ఎవరికి చెప్తుంది? చెప్తే వినడానికి కూడా జరిమానా కదా.

పిల్లలు ఆ తర్వాత ఎక్కువ కాలం కలిసి లేరు. ఎవరూ కొట్లాడుకోలేదు. ఒకడికి ఉద్యోగం వచ్చింది, ఇద్దరు హైదరాబాద్ పోయి బండ్ల మీద ఇంటింటికీ సామాన్లు ఇచ్చివచ్చే పనిలో కుదిరారు, ఒకడు దుబాయి పోయాడు, ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. ఒక్కొక్కరూ గ్రూపులోంచి బయటికి పోయినట్టు ఫోనులో సన్నటి అక్షరాలు వచ్చేవి. మా వాడు కానిస్టేబుల్ పరీక్ష తప్పి, పొలం చూసుకుంటూ ఊళ్లోనే మిగిలాడు. చదువుకునే గదిలో పండుగ కుర్చీలు పెట్టడం మొదలైంది. కుర్చీలు పెరిగినకొద్దీ అలమరాలు లోపలికి పోయాయి.

బోరు మోటరు కాలిపోయినప్పుడు పెద్దమనుషులు తిరిగి వచ్చారు. చందా ఎవరూ ఇవ్వలేదు, పాట పెడదామన్నారు. మళ్లీ అదే బిల్డింగు ముందు కుర్చీలు వేశారు. మా వాడు ఒక్కడే లేచి వద్దన్నాడు.

పెద్దమనిషి కోప్పడలేదు. "కూసో బిడ్డా" అన్నాడు. "కమిటీ మాటకు ఎదురుమాట్లాడితే ఏమైతదో నీకు మేం చెప్పాల్నా? మేమన్న డప్పు కొట్టినం, నువ్వు సొంత పెద్దమ్మకే ఫోన్ల పెట్టినవు. కట్టుబాటు అందరికి ఒక్కటే అని నువ్వే కద చెప్పింది."

అందరూ నవ్వారు. మా వాడు చుట్టూ చూశాడు. పక్కన నిలబడేవాళ్లు ఎవరూ ఊళ్లో లేరు. నేను ఆడవాళ్ల వైపునుంచి లేచాను, నా పక్కన ఇంకెవరైనా లేస్తారేమోనని చూశాను. అలా లేచి నిలబడే మనిషి కామారెడ్డిలో ఎక్కడో ఉంది, ఆమెను పంపించింది మేమే. మా వాడు నన్ను కూర్చోమని చేత్తో సైగ చేసి తనూ కూర్చున్నాడు. పాట మొదలైంది. ఈసారి గొంతులు బాగానే లేచాయి.

కొత్త బెల్టు షాపు ఎక్కడ పెట్టారో చెప్పాలంటే నాకు ఇప్పటికీ నోరు రాదు. పక్కింటి తాళం తీశారు. కూలిన వైపు రేకులు వేశారు, ముందు గదిలో ఫ్రిజ్ పెట్టారు. అక్క బీడీలు చుట్టిన నీడలో ఇప్పుడు బల్లలు వేసుకుని కూర్చుంటారు.

ఆమె ఇల్లు ఆమెకు చెప్పకుండా గుంజుకున్నారనుకుని నేను కామారెడ్డి పోయాను. అడిగి అడిగి పట్టుకున్నాను. ఒక ఫంక్షన్ హాలు వెనక, పెళ్లి భోజనాల గిన్నెలు తోముతోంది. సన్నబడింది. నన్ను చూడగానే చేతులు కడుక్కుని, తర్వాత గుర్తొచ్చినట్టు అటూ ఇటూ చూసింది. ఊరి పెళ్లేదైనా ఆ హాల్లో ఉందేమోనని. నేను ఎవరూ లేరక్కా అన్నాను. అప్పుడు నవ్వింది.

"అక్కా, నీ ఇంట్ల దుకాణం పెట్టిండ్రు, నీకెరుకేనా?"

"నేనే ఇచ్చిన చెల్లె."

"ఆ మందుకేనా? నీ మొగన్ని తిన్నదానికేనా?"

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆ పాట పాడినాయిన ఇక్కడిదాక వచ్చిండు. ఈ గిన్నెల నడుమ గీ బండ మీదనే కూసున్నడు. అక్కా, మంచిగున్నవా, చేతులెట్లున్నై అని అడిగిండు. ఊరు ఇడిసినంక ఊరోడు ఒక్కడు నాతోని మాట్లాడలే చెల్లె. ఆయన మాట్లాడిండు. తాళంచెవి అడిగిండు, ఇచ్చిన."

నేను తలదించుకున్నాను. ఊరికి రమ్మన్నాను, మా ఇంట్లో ఉందువుగానీ అన్నాను. ఆమె వంగి ఇంకో గిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఎట్లొస్త? ఎత్తేసినట్టు ఎవలన్న చాటిండ్రా?"

ఎవరూ చాటలేదు. ఆ మాట అప్పటిదాకా నాకు కూడా తట్టలేదు. పెట్టినవాళ్లు ఒక్కొక్కరూ వెళ్లిపోయారు, మా వాడికి ధైర్యం చాల్లేదు, కట్టుబాటు మాత్రం అలాగే ఉండిపోయింది. వచ్చేముందు ఆమె, "పోరడు తింటుండా మంచిగ? అన్నం మీద అలుగుతడు వాడు" అంది. తింటున్నాడని అబద్ధం చెప్పాను.

ఊరికి వచ్చి ముందు పెద్దమనిషి దగ్గరికే పోయాను. ఎత్తేయమని అడిగాను. "మేం పెట్టలేదాయె, మేమెట్ల ఎత్తుతం? పెట్టినోళ్లను అడుగు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, చాయ్ కూడా ఇప్పించాడు.

ఇంటికి వచ్చి మా వాడికి అంతా చెప్పాను. గోడ అవతల సీసాల చప్పుడు, ఎవరో ఎవరినో బావా అని పిలుస్తున్నారు. వాడు చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చుని, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ, చివరికి పెట్టాడు. నా ఫోను మోగింది. ఫలానా ఇంటితో మాట బందు ఎత్తేయడమైనది, అందరూ మాట్లాడవచ్చును, పెద్దమ్మా తప్పయింది.

నేను బొటనవేలు నొక్కాను. ఇంకెవరైనా నొక్కుతారేమోనని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. ఎవరూ నొక్కలేదు. చాలామంది ఎప్పుడో బయటికి పోయారు, మిగిలినవాళ్లు చూడటం మానేశారు.

"పెద్దమ్మ సూస్తదా?" అన్నాడు వాడు.

అక్క ఆ గ్రూపులో ఎన్నడూ లేదు. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను.